ఆరు లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీని నమ్మవచ్చా?

పెద్ద ట్రాన్స్‌పోర్టు సంస్థలు లారీని చివరిదాకా ఉంచుకోవు. నాలుగైదేళ్లకు ఫైనాన్సు వాయిదాలు తీరిపోతాయి. కిరాయికి తిప్పే లారీ మీద ఆదాయపు పన్ను లెక్కల్లో ఏటా 30 శాతం తరుగుదల చూపించుకోవచ్చు. ఆ లెక్కన ఐదేళ్లు గడిచేసరికి కొన్న ధరలో ఆరో వంతు మాత్రమే పుస్తకాల్లో మిగులుతుంది. ఇంజిన్, గేర్‌బాక్సు, క్లచ్చు వరుసగా ఖర్చు అడిగే కాలం కూడా అప్పుడే దగ్గరపడుతుంది. ఆ ఖర్చు మీద పడకముందే పది బండ్లో ఇరవై బండ్లో ఒక్కసారిగా అమ్మేసి కొత్తవి దింపుకోవడం వాళ్లకు లాభం. కాబట్టి అలాంటి సంస్థ ఒక లారీని అమ్ముతోందంటే అందులో ఏదో లోపం ఉందని అనుకోనక్కర్లేదు. లోపం లేదనీ అనుకోకూడదు.

ఆ బండి చేరేది ఎక్కువగా చిన్నవాళ్ల దగ్గరికే. పదిహేనేళ్లు జీతానికి స్టీరింగు పట్టిన డ్రైవరు చీటీ పాడిన డబ్బు, ఇంట్లో బంగారం కలిపి కొనే మొదటి బండి చాలాసార్లు ఇలాంటిదే. పాత లారీకి అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడిన రోజుల్లో, 1979లో చెన్నైలో మొదలైన శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్ ఈ చిన్న యజమానులనే నమ్ముకుని ఎదిగింది. అప్పు ఇప్పుడు దొరుకుతుంది. కానీ బండి ఇరవై రోజులు షెడ్డులో పడుకుంటే వాయిదా ఆగదు. రెండు నెలలు అలా గడిస్తే ఫైనాన్సువాళ్లు బండి పట్టుకుపోవచ్చు, బంగారమూ తిరిగి రాకపోవచ్చు. అందుకే ఈ కొనుగోలును బ్రోకరు మాట మీదో, మీటరులోని అంకె మీదో వదిలెయ్యకూడదని గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

ముందు మీటరు సంగతి చూద్దాం. ఆరు లక్షల కిలోమీటర్లు అనగానే గుండె జారుతుంది, మూడు లక్షలు అంటే ధైర్యం వస్తుంది. రెండూ తొందరపాటే. ఇంజిన్ అరిగేది అది తిరిగిన గంటలను బట్టీ, ఆ గంటల్లో మోసిన బరువును బట్టీ. ఒక బండి ఆరు లక్షల కిలోమీటర్లను 15,000 గంటల్లో తిరిగిందనుకోండి, సగటున గంటకు 40 కిలోమీటర్లు. అంటే హైవే మీద సాఫీగా నడిచిన బండి. ఇంకొకటి మూడు లక్షల కిలోమీటర్లకే అన్ని గంటలూ తిరిగింది, సగటు 20. క్వారీల్లో, సిమెంటు ఫ్యాక్టరీ క్యూలలో, ఊరి ట్రాఫిక్‌లో మొదటి గేరూ రెండో గేరూ మీద నలిగిన బండి అది. మీటరులో సగమే కనిపించినా ఇంజిన్ పనిచేసిన కాలం రెండింటిలోనూ ఒక్కటే. క్లచ్చు, బ్రేకులు, కమాన్లు మాత్రం రెండోదాంట్లోనే ఎక్కువ అరిగి ఉంటాయి. నన్నడిగితే ఆరు లక్షలదే కొనమంటాను.

ఈ గంటలు ఎక్కడ దొరుకుతాయి? కామన్ రైల్ ఇంజిన్ ఉన్న లారీలో ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీఎం, మొత్తం గంటలను, కిలోమీటర్లను దాచుకుంటుంది. కంపెనీ వర్క్‌షాపులో స్కానర్ పెడితే బయటికొస్తాయి. డ్యాష్‌బోర్డు మీటరును వెనక్కి తిప్పేవాళ్లున్నారు, పాత మీటరు తీసి వేరేది బిగించేవాళ్లూ ఉన్నారు. అందుకే ఈసీఎం అంకెను మీటరు అంకెతో పోల్చాలి. అదొక్కటీ చాలదు, సర్వీసు బిల్లుల మీద తేదీతో పాటు రాసిన కిలోమీటర్లూ చూడాలి. మూడో సాక్ష్యం ఫాస్టాగ్. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్ గేట్లలో అది తప్పనిసరి. అమ్మేవాళ్లు తమ ఫాస్టాగ్ ఖాతాలో ఆ బండి నంబరు మీద కట్టిన టోల్ జాబితాను ఇవ్వగలరు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు గేట్లు వారానికి మూడేసిసార్లు కనిపిస్తే అది విజయవాడ–హైదరాబాద్ లైను బండి. గేట్లే లేకుండా నెలలు గడిచాయంటే ఆ నెలల్లో అది ఏ క్వారీలో తిరిగింది, ఏ షెడ్డులో ఉంది అని అడగవచ్చు. పెద్ద సంస్థ దగ్గర కొనడంలో అసలు లాభం ఈ కాగితాలే. అవి ఇవ్వనంటే పెద్ద సంస్థ బండి అన్న పేరుకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు.

ఏ సరుకు మోసిందన్నది తర్వాతి ప్రశ్న. పార్శిల్ సర్వీసు బండిలో సరుకు తేలిక, పరుగు ఎక్కువ. చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలు మోసిన బండిలో బరువంతా చాసిస్ మీద ఒకటి రెండు చోట్లే కూర్చుంటుంది. కైకలూరు, భీమవరం నుంచి చేపలు తోలిన బండిలో మంచు కరిగిన నీళ్లు ఏళ్ల తరబడి చాసిస్ మీదుగా కారి ఉంటాయి, దానికి పైన రంగు ఎంత బాగున్నా కింద తుప్పు చూడాలి. వీలైతే ఆ బండిని నడిపిన డ్రైవరుతో ఒక అరగంట కూర్చోండి. ఏ ఘాట్‌లో వేడెక్కేది, ఏ గేరు పడేది కాదు, ఎన్నిసార్లు ఇంజిన్ దించారు అనే విషయాలు యజమాని కంటే ఆయనకే బాగా తెలుసు. సాటి డ్రైవరు అడిగితే చాలామంది దాచరు.

ఇక బండి దగ్గరికి. వెళ్లే ముందు ఒక్కటే షరతు పెట్టండి: నేను వచ్చేదాకా స్టార్టు చెయ్యొద్దు. రాత్రంతా చల్లారిన ఇంజిన్ చెప్పే నిజాలు వేడి ఇంజిన్ చెప్పదు. మీరు చేరేసరికి బానెట్ వెచ్చగా ఉంటే మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లండి. స్టార్టు చేసే ముందే రేడియేటర్ నీళ్ల మీద నూనె తెట్టె ఉందా, ఆయిల్ పోసే మూత లోపల పాలమీగడలా తెల్లగా పేరుకుందా చూడాలి. ఉంటే నీళ్లూ ఆయిలూ కలుస్తున్నాయి. హెడ్ గాస్కెట్టో, ఆయిల్ కూలరో, అంతకంటే పెద్దదో కారణం కావచ్చు. స్టార్టయ్యాక మొదటి నిమిషంలో కాస్త తెల్లపొగ సహజమే. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లగానే వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే అనుమానించాలి. నీలం పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. ఎత్తు మీదికి లోడుతో లాగేటప్పుడు నల్లపొగ దట్టంగా వస్తే ఇంజెక్టర్లో, టర్బోనో, గాలి అందకపోవడమో చూసుకోవాలి. ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ మూత తీసి, ఆ రంధ్రం మీద అరచెయ్యి అడ్డంగా పెడితే బ్యాక్ కంప్రెషన్ ఎంతుందో తెలుస్తుంది. పల్చగా ఆవిరి రావడం మామూలే. దమ్ము కొడుతున్నట్టు గాలి తోసుకొస్తే రింగులూ లైనర్లూ అరిగాయి, ఇంజిన్ బోరుకు దగ్గరపడింది. అలాగని బండి వదిలెయ్యక్కర్లేదు, బోరు ఖర్చును ధరలోంచి తగ్గించి మాట్లాడాలి.

చాలామంది వాడుకోని ఒక పరీక్ష ఇంజిన్ ఆయిల్‌ది. చిన్న సీసాడు పాత ఆయిల్‌ను ల్యాబుకు పంపితే అందులో కలిసిన లోహాలను లెక్కగట్టి చెబుతారు. ఇనుము ఎక్కువుంటే లైనర్ల అరుగుదల, సిలికాన్ ఉంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోయింది, సోడియమో పొటాషియమో ఉంటే కూలెంట్ కలుస్తోంది, డీజిల్ కలిసి ఉంటే ఇంజెక్టర్లు కారుతున్నాయి. అయితే నిన్నో మొన్నో మార్చిన ఆయిల్ ఏమీ చెప్పదు. అమ్మకానికి పెట్టే ముందు ఆయిల్ మార్చడం మామూలు కాబట్టి, ఎప్పుడు మార్చారో ముందు కనుక్కోవాలి.

ఇంజిన్ మీద ఇంత శ్రద్ధ పెట్టి చాసిస్‌ను కింద పడుకుని చూడకుండా వచ్చేవాళ్లున్నారు. నా దృష్టిలో అదే పెద్ద నష్టం. ఇంజిన్ బోరు చేయించవచ్చు, గేర్‌బాక్సు మార్చవచ్చు, వంగిన చాసిస్‌ను మళ్లీ పూర్వంలా చేయడం మాత్రం సాధ్యం కాదు. కమాన్ కట్టల బ్రాకెట్ల దగ్గర, క్రాస్ మెంబర్లు కలిసే చోట సన్నని పగుళ్లు, కొత్త వెల్డింగ్, ఒక్కచోటే తాజాగా వేసిన రంగు వెతకండి. కంపెనీ రివెట్లున్న చోట బోల్టులు కనిపిస్తే ఎందుకని అడగండి. టైర్లు కూడా సాక్ష్యమే. ముందు టైరు ఒక అంచునే అరిగితే అలైన్‌మెంటో, కింగ్ పిన్నో, వంగిన యాక్సిలో కారణం. టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. పన్నెండు చక్రాల బండికి అన్ని టైర్లూ కొత్తవి వేయాలంటే రెండు లక్షలు దాటుతుంది కాబట్టి ఎన్ని రీట్రెడ్ చేసినవో లెక్క రాసుకోండి.

మిగతావి త్వరగా తేలిపోతాయి. గాలి పూర్తిగా నిండాక ఇంజిన్ ఆపి ఎయిర్ గేజీ ముల్లు ఎంత వేగంగా దిగుతోందో చూడండి. ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ తీసినప్పుడు నీళ్లతో పాటు ఆయిల్ ధారగా వస్తే కంప్రెసర్ పని అయిపోయింది. నడిపేటప్పుడు కాలు వదిలితే హౌసింగ్ ఊళ పెట్టడం, గేరు మార్చగానే జాయింటు క్రాసుల దగ్గర టక్కుమనడం వినండి. ఖాళీ బండి అన్నీ దాచేస్తుంది, లోడుతో నడిపి చూపించమనండి.

ఇప్పుడు వయసుతో వచ్చే పెద్ద తేడా. కొత్త బండ్ల పొగకు 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 ప్రమాణాలు వచ్చాయి, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. బీఎస్-4 భారీ లారీల్లో టాటా ఎక్కువగా పొగను శుద్ధి చేయడానికి యాడ్‌బ్లూ అనే యూరియా ద్రవం వాడే ఎస్‌సీఆర్ పద్ధతిని, అశోక్ లేలాండ్ యాడ్‌బ్లూ అక్కర్లేని ఐఈజీఆర్ పద్ధతిని ఎంచుకున్నాయి. బీఎస్-6లో ఎస్‌సీఆర్‌తో పాటు మసిని పట్టే డీపీఎఫ్ కూడా వచ్చింది. డీపీఎఫ్‌లో చేరిన మసిని ఇంజిన్ తనంతట తనే వేడితో కాల్చుకుంటుంది. ఆయిల్ కాలగా మిగిలిన బూడిద మాత్రం కాలదు, లక్షల కిలోమీటర్ల తర్వాత ఫిల్టర్ దించి శుభ్రం చేయించాలి. ఆ పని చేయించిన బిల్లు ఉందా అని అడగడం మరిచిపోవద్దు. యాడ్‌బ్లూ ఖర్చు మిగుల్చుకోవడానికి దొంగ పరికరం బిగించి ఎస్‌సీఆర్‌ను మోసం చేసిన బండ్లూ ఉన్నాయి. మామూలుగా నూరు లీటర్ల డీజిల్‌కు నాలుగు నుంచి ఆరు లీటర్ల యాడ్‌బ్లూ పోవాలి. ట్యాంకు మూత చుట్టూ ఎండిపోయిన తెల్లటి పొడి తప్ప తడి లేకపోయినా, బండి ఎంత తిరిగినా ముల్లు కదలకపోయినా వర్క్‌షాపు స్కానర్‌తో తేల్చుకోవాలి. ఆ వ్యవస్థను మళ్లీ నిలబెట్టే ఖర్చు కొన్నవాడి మీదే పడుతుంది. ఇవన్నీ చూసి బీఎస్-4 బండే తేలికని కొనేవాళ్లు ఒక్క సంగతి తెలుసుకోవాలి. ఢిల్లీ బయట నమోదైన బీఎస్-4 సరుకు లారీలను ఢిల్లీలోకి 2026 అక్టోబరు 31 వరకే రానిస్తామని నిబంధన పెట్టారు. గుంటూరు మిర్చి వేసుకుని ఢిల్లీ లైను తిరగాలనుకునేవారికి ఇది అసలు విషయం.

నేషనల్ పర్మిట్‌కూ వయసు హద్దుంది. రెండు యాక్సిళ్ల బండికి 12 ఏళ్లు, అంతకు మించిన యాక్సిళ్లుంటే 15 ఏళ్లు. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఆరేళ్ల బండి కొన్న రెండేళ్లకే ఏటా ఫిట్‌నెస్ ఖర్చు మొదలవుతుందని లెక్కలో వేసుకోండి.

కాగితాల్లో ముందు చాసిస్ మీద కొట్టిన నంబరును ఆర్‌సీతో పోల్చి చూడాలి. ఆర్‌సీలో ఫైనాన్సు సంస్థ పేరుంటే వాళ్ల ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి, వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 కూడా. పన్ను ఎప్పటిదాకా కట్టారో, ఈ-చలానాలు ఎన్ని ఉన్నాయో డబ్బు చేతులు మారకముందే తేలాలి. కొన్న 14 రోజుల్లోపు ఇన్సూరెన్సు కంపెనీకి తెలియజేసి పాలసీ పేరు మార్పించుకోవాలి. లేకపోతే ప్రమాదంలో మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిము రాకపోవచ్చు. ఆర్‌సీలో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కాబట్టి, పేరు మార్పు త్వరగా జరగడం అమ్మినవాళ్లకూ అవసరమే. వాళ్లే ఆలస్యం చేస్తుంటే ఎందుకో కనుక్కోవాలి.

ధర మాట్లాడేటప్పుడు బండి ధర ఒక్కటే పట్టుకోవద్దు. చూసినవన్నీ రాసుకున్న కాగితం తీసి, ఏడాదిలోపు తప్పనిసరిగా మార్చాల్సిన టైర్లు, క్లచ్చు, కమాన్లు, బ్యాటరీల ఖర్చును మీ మేస్త్రితో కట్టించి దాన్ని ధరలోంచి తియ్యండి. దానికి తోడు మూడు నెలల వాయిదాలు, ఒక ఇంజిన్ బోరుకు అయ్యేంత సొమ్ము విడిగా చేతిలో ఉండాలి. ఆ సొమ్ము కూడా కలిపి ముందస్తుగా కట్టి పెద్ద బండి తీసుకోవడం కంటే, అది చేతిలో ఉంచుకుని ఇంకో ఏడాది ఎక్కువ వయసున్న బండి తీసుకోవడం మేలు. మొదటి నెల రోజులు మీ షెడ్డుకు ఒక పూటలో తిరిగి రాగలిగే లోడ్లే ఎత్తండి. ఆయిల్, ఫిల్టర్లు, బెల్టులు, కూలెంట్ అన్నీ మార్చేసి, ఆయిల్ ఎంత తగ్గుతోందో, కూలెంట్ ఎంత పోయాల్సి వస్తోందో రోజూ ఒక నోట్‌బుక్కులో రాయండి. ఆ అంకెలు నిలకడగా ఉన్నాకే గువాహటి లోడుకు ఒప్పుకోండి.