పాట పాడి ఆదుకుందాం



ఇంట్లో ఒకరు పెద్ద జబ్బున పడితే ఖర్చు మందుల దగ్గర ఆగదు. గుంటూరుకో హైదరాబాదుకో బస్సు చార్జీలు, తోడు వెళ్ళినవారి భోజనం, ఇంట్లో పిల్లల ఫీజులు, అన్నిటికంటే ముఖ్యంగా ఆగిపోయిన కూలి. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు జబ్బు తగ్గిన తరువాత కూడా ఇంటిని విడిచిపెట్టదు.

అమెరికాలోని చిన్న పట్టణాలలో దీనికి ఒక అలవాటు ఉంది. అక్కడ బార్‌లో పానీయాలు అందించే మనిషి ఊరందరికీ తెలిసినవాడు. అందరినీ పేరుతో పలకరిస్తాడు. కొందరికి ఆరోగ్య బీమా ఉండదు. అటువంటివాడు జబ్బుపడితే, ఆ బార్‌లో పాడిన కళాకారులే ఒక రాత్రి డబ్బు తీసుకోకుండా పాడతారు. టిక్కెట్టు డబ్బంతా అతని వైద్యానికి ఇస్తారు.

పాత మాటే

ఇది కొత్తగా పుట్టినది కాదు. మన సంఘాలలో క్రిస్మస్‌కు వినిపించే 'హల్లెలూయ' కోరస్ ఉన్న 'మెస్సయ్య'ను హాండెల్ మొట్టమొదట 1742 ఏప్రిల్ 13న ఐర్లండులోని డబ్లిన్‌లో వినిపించారు. అది సహాయ కచేరీయే. హాలులో ఎక్కువమంది పట్టేటట్టు స్త్రీలు వెడల్పాటి గౌనులు, పురుషులు కత్తులు లేకుండా రావాలని ముందే కోరారు. సుమారు 700 మంది వచ్చారు. వచ్చిన సొమ్ము రెండు ఆసుపత్రులకు, అప్పు తీర్చలేక జైలులో ఉన్నవారికి పంచారు. 142 మంది విడుదలయ్యారు. ఒక పాట అప్పుల సంకెళ్ళు విప్పిందన్నమాట.

1992లో విక్టోరియా విలియమ్స్ అనే అమెరికా గాయనికి నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. ఆమెకు బీమా లేదు. తోటి గాయకులు ఆమె పాటలనే పాడి 1993లో ఒక ఆల్బమ్ తెచ్చారు. ఆ సహాయం ఆమెతో ఆగక, జబ్బుపడిన ఇతర సంగీతకారులను ఆదుకునే నిధిగా మారింది.

మనకూ ఈ అలవాటు ఉంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తరువాత సినీ కళాకారులు జోలె పట్టి ఊరూరా తిరిగారు. కళాకారుల సహాయార్థం నాటకాలు వేయడం మన పెద్దలు ఎరిగినదే. పలనాటి బ్రహ్మనాయుడి చాపకూడులో కులం అడగకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టారని చెప్పుకుంటాం.

బార్‌లో పనిచేసేవాడికా?

ఇక్కడ కొందరికి మనసు ఒప్పదు. అది సహజమే. తాగుడు వలన నష్టపోయిన కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై ఎందుకు తిరగబడ్డారో మన తల్లులకు చెప్పనక్కరలేదు. కానీ గ్లాసు అందించేవాడు జీతగాడు. అర్ధరాత్రి దాకా నిలబడి పని, వేళ తప్పిన తిండి, ఇతరులు వదిలిన పొగ, ఇవి అతని ఆరోగ్యాన్నీ తింటాయి. తాటిచెట్టు మీదనుంచి పడి వెన్ను విరిగిన గీత కార్మికుడిదీ కూటి కోసం చేసిన పనే. మంచి సమరయుడు గాయపడినవాని వృత్తి అడగలేదు. పైగా అతణ్ణి అప్పగించినది ఒక పూటకూళ్ళవాడికే, ఖర్చు కూడా ముందే ఇచ్చి. తాగుడును వద్దందాం. జబ్బుపడ్డ మనిషిని వద్దనకుందాం.

కచేరీకి ముందు

హక్కుగా వచ్చేది ముందు అడగాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. అర్హత గల కుటుంబానికి అనేక ఆపరేషన్లు, చికిత్సలు ఇందులో వస్తాయి. ఈఎస్ఐ వర్తించే చోట పదిమంది, అంతకు మించి పనిచేసే హోటళ్ళు, బార్లలో నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్ళకు ఈఎస్ఐ ఉండాలి. చందా షరతులు పూర్తయితే వైద్యంతో పాటు, సెలవు రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు వస్తుంది. క్యాన్సర్, క్షయ వంటి దీర్ఘ వ్యాధులకు ఇంకా ఎక్కువ కాలం ఇస్తారు. ఈ రెండూ చూసిన తరువాత మిగిలిన లోటుకే కచేరీ పెట్టాలి.

జరిపేవారికి మా సలహాలు

1. రోగి ఒప్పుకోకుండా పేరు, జబ్బు, ఫొటో కరపత్రం మీద వేయవద్దు. జాలి కోసం మనిషిని చిన్నబుచ్చకూడదు.

2. లెక్క ముందే నిర్ణయించుకోవాలి. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో రవిశంకర్, జార్జ్ హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పాడించిన కచేరీ గేటు డబ్బు 2,43,418 డాలర్లు యూనిసెఫ్‌కు చేరింది. కానీ తరువాత వచ్చిన రికార్డుల సొమ్ము, ఏర్పాట్లు ముందే సరిగా లేక, పన్నుల చిక్కులో ఏళ్ళ తరబడి ఆగింది. మన ఊరి కచేరీకైనా ఇద్దరు కోశాధికారులు, రసీదు పుస్తకం, బ్యాంకు ఖాతా ఉండాలి. జమాఖర్చులు అందరి ముందు చదవాలి.

3. మైకుకు పోలీసు అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 దాటితే బహిరంగంగా లౌడ్ స్పీకర్ కూడదు. ఆసుపత్రికి వంద మీటర్ల లోపల అసలే కూడదు.

4. వేదిక ఖర్చు తగ్గించాలి. షామియానా, సౌండు ఖర్చు వచ్చినదంతా మింగితే రోగికి మిగిలేది చప్పట్లే.

5. సొమ్ములో కొంత మందులకు కాకుండా ఇంటి బియ్యానికి, పిల్లల చదువుకు పెట్టాలి. పథకాలు ఇవ్వనిది అదే.

మన సంఘాల యవ్వనస్థులు డిసెంబరులో ఇంటింటికి తిరిగి క్యారల్స్ పాడతారు. డోలక్, కీబోర్డు, గొంతులు మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఈసారి ఒక సాయంత్రం, వీధిలో అందరికీ తెలిసిన, ఇప్పుడు మంచం పట్టిన ఒకరి కోసం పాడండి. అతడు టీ కొట్టు మనిషైనా, ఆటో నడిపేవాడైనా, బార్‌లో పనిచేసేవాడైనా సరే. జబ్బు కంటే ఒంటరితనం మనిషిని ముందు కుంగదీస్తుంది. తన కోసం ఊరు కూర్చున్నదని తెలిసిన రోగి మందు మానడు, తేదీ తప్పకుండా పరీక్షకు వస్తాడు. మాకు అదే కావాలి.