వ్యవసాయ విద్యార్థులు అమెరికా వస్తే ఏం చూపించాలి?

మన రాష్ట్రాల వ్యవసాయ విద్యార్థులు విదేశీ అధ్యయన యాత్రలకు రావడం ఇటీవల పెరిగింది. ఐ.సి.ఎ.ఆర్., ప్రపంచ బ్యాంకు కలిసి 2017లో మొదలుపెట్టిన జాతీయ వ్యవసాయ ఉన్నత విద్యా ప్రాజెక్టు కింద దేశంలోని పలు యూనివర్సిటీల విద్యార్థులు విదేశాల్లో శిక్షణ పొందారు. అలాంటి బృందం మన ఊరికి వస్తే ఆతిథ్యం ఇవ్వడానికి మనం ఎలాగూ ముందుంటాం. అయితే వాళ్లకు ఏం చూపించాలన్నదే అసలు ప్రశ్న.

2022 లెక్కల ప్రకారం అమెరికాలో సగటు వ్యవసాయ క్షేత్రం 463 ఎకరాలు. ఆంధ్ర, తెలంగాణల్లో సగటు కమతం రెండున్నర ఎకరాలకు మించదు. ఇక్కడి భారీ హార్వెస్టర్లను చూసి విద్యార్థులు అబ్బురపడతారు, ఫొటోలు తీసుకుంటారు. కానీ అవి మన రైతు చేలో తిరిగేవి కావు. వాళ్లు ఇంటికి తీసుకెళ్లగలిగేది ఒకటుంది. రైతు అడిగిన ప్రశ్న యూనివర్సిటీకి చేరి, జవాబుగా తిరిగి వచ్చే పద్ధతి.

అమెరికాలో 1862 చట్టంతో ల్యాండ్ గ్రాంట్ కాలేజీలు, 1887 చట్టంతో పరిశోధనా కేంద్రాలు, 1914 చట్టంతో ఎక్స్‌టెన్షన్ సేవలు ఏర్పడ్డాయి. కౌంటీ ఏజెంటు యూనివర్సిటీ ఉద్యోగి. మట్టి పరీక్ష నుంచి పురుగు గుర్తింపు దాకా రైతు మొదట వెళ్లేది ఆయన దగ్గరికే. 1964లో హైదరాబాదులో ఏర్పడ్డ మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికీ ఇదే నమూనా. దానికి తోడ్పడింది కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ. మన ఏరువాక కేంద్రాలు చేయవలసిన పనీ ఇదే. కాబట్టి యాత్రలో ఒక రోజంతా కౌంటీ ఆఫీసులో కూర్చోబెట్టండి. వచ్చే రైతులు ఏమడుగుతున్నారో, జవాబు ఎలా దొరుకుతోందో విననివ్వండి.

చోటు, నెల కూడా ముఖ్యమే. అమెరికా వరిలో దాదాపు సగం ఆర్కన్సాలో పండుతుంది. అక్కడి స్టట్‌గార్ట్‌లో వరి పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ నారు పోసి నాట్లు వేయరు, విత్తనం నేరుగా వెదబెడతారు. కూలీలు దొరక్క వెద సాగుకు మళ్లుతున్న మన రైతుకు పనికొచ్చే పాఠమిది. జొన్నకు కాన్సస్ పేరుపడింది. సెప్టెంబరులో వస్తే రెండు చోట్లా కోతలు చూడవచ్చు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. చూసి వెళ్లడానికైతే సందర్శక వీసా సరిపోవచ్చు. క్రెడిట్లున్న కోర్సుకు, చేతులతో చేసే శిక్షణకు వేరే వీసా కావాలి. ఆహ్వానించే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును ముందే అడగండి. ఊళ్లో పొలంలో తిరిగిన చెప్పులు, బూట్లు శుభ్రంగా కడిగి తేవాలి. కస్టమ్స్‌లో పొలం సంగతి అడిగితే ఉన్నది చెప్పాలి. తిరిగి వెళ్లేటప్పుడు గుప్పెడు విత్తనాలైనా జేబులో వేసుకోకూడదు. విత్తనం కావాలంటే ఇండియా క్వారంటైన్ అనుమతితోనే వెళ్లాలి. మన చేలను పాడుచేస్తున్న వయ్యారిభామ 1950లలో దిగుమతి గోధుమలతోనే వచ్చిందంటారు!

వ్యవసాయ బి.ఎస్సీ. విద్యార్థులు నాలుగో సంవత్సరంలో కొన్ని నెలలు పల్లెలో రైతుల మధ్య ఉండి పని నేర్చుకుంటారు. యాత్ర దానికి ముందు ఉంటే మేలు. ఏ ఊరికి వెళ్తారో ముందే తెలిస్తే, అక్కడి రైతులడిగే ఐదు ప్రశ్నలు రాసుకుని రమ్మనండి. వాటికి జవాబు చెప్పగల శాస్త్రవేత్తను, కౌంటీ ఏజెంటును వెతికి పెట్టడం ఇక్కడున్న మనం చేయగల సాయం. విందు భోజనం ఎటూ ఉంటుంది!