మీకు తెలుసా? ఆ బొమ్మల్లో ఉన్నది అమ్మ ఒక్కతే కాదు!

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగి, గంప నెత్తికెత్తుకుని, రూపాయంత బొట్టుతో చకచకా నడిచిపోయే పెద్దమ్మను చూస్తే ‘అచ్చం వైకుంఠం బొమ్మే’ అనేస్తాం. బొమ్మ మనిషిలా ఉందనాలి గానీ మనిషి బొమ్మలా ఉందనడమేమిటి! చిత్రకారుడు తోట వైకుంఠం ఆ రూపాన్ని మన కళ్లకు అంతగా అలవాటు చేశారు మరి.

ఆయన 1942లో పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. తన బొమ్మల్లోని ఆడవాళ్లకు మూలం ఎవరంటే ముందుగా తల్చుకునేది వాళ్లమ్మనే. చామనఛాయ ఒళ్లు, నిండైన విగ్రహం, నుదుటన పెద్ద బొట్టు, కొప్పులో పూలు, మెడలో పుస్తెలు, ముదురు రంగు చీర. ఇంట్లో, వాకిట్లో చిన్నప్పటి నుంచీ చూసిందే.

అయితే చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. ఊరూరా తిరుగుతూ నాటకాలాడే బృందాలు బూరుగుపల్లికీ వచ్చేవి. వాటిలో ఆడవేషం కట్టేది మగవాళ్లే. చీర కట్టి, నగలు దిగేసుకుని, కళ్లు తిప్పుతూ నడిచే ఆ నటులంటే పిల్లవాడైన వైకుంఠానికి తెగ మోజు. ఆయన గీసిన స్త్రీలలో కాటుక కళ్లు అంత పెద్దవిగా, నిలబడే తీరు అంత ఠీవిగా, సింగారం రవ్వంత ఎక్కువగా ఎందుకుంటాయో జవాబు ఇక్కడే దొరుకుతుందని నాకనిపిస్తుంది. అమ్మ పోలికకు రంగస్థలం హంగు తోడైందన్నమాట.

చదువు హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో. ఆ తర్వాత ఫెలోషిప్ మీద బరోడా వెళ్లి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యుడైన సుబ్రహ్మణ్యన్‌కు జానపద కళలంటే ప్రాణం. అలాంటి గురువు దగ్గర చదివిన కుర్రాడు తిరిగొచ్చి సొంతూరి మనుషుల్నే గీయడంలో ఆశ్చర్యమేముంది?

రంగుల విషయంలో మాత్రం మహా పట్టుదల. ఎరుపు, కాషాయం, నారింజ... ఇలా నిండు రంగులే కావాలి. రెండు రంగులు కలిపి తీసే మధ్యరకం ఛాయలు ఆయనకు నచ్చవు. అవి మన చుట్టూ సహజంగా కనిపించవని ఆయన వాదన. పసుపు రాసిన గడపలు, కుంకుమ బొట్లు చూస్తూ పెరిగినవాళ్లకు ఈ వాదన వింతగా తోచదు. తొలినాళ్లలో ఆయన రంగుల జోలికి పోకుండా బొగ్గుతో, పెన్సిల్‌తో గీసిన బొమ్మలూ ఉన్నాయి. రేఖ మీద పట్టు ఎంతో చూడాలంటే అవే చూడాలి.

ఇంకో సంగతి. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ సినిమాకు కళా దర్శకుడు ఈ వైకుంఠమే. తెలంగాణ దొరల గడిని తెర మీద నిలబెట్టినందుకు 1988 సంవత్సరపు జాతీయ సినిమా అవార్డు అందుకున్నారు. చిత్రలేఖనంలో జాతీయ అవార్డు వచ్చింది ఆ తర్వాతే, 1993లో.