నొప్పి తగ్గింది సరే... కిడ్నీ?

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ ఊరికెళ్లినా చుట్టూ కొబ్బరి, జీడి తోటలే. పగలంతా ఎండలో కష్టపడి, రాత్రి ఒళ్లు నొప్పులకు దుకాణంలో దొరికే బిళ్ల వేసుకోవడం అక్కడ మామూలే. ఆ బిళ్ల నొప్పిని ఎలా ఆపుతుందో తెలిస్తే, దాని పేరెత్తగానే కిడ్నీ డాక్టర్లు ఎందుకు కంగారుపడతారో అర్థమవుతుంది.

మన ఒంట్లో ప్రతి కణానికీ కొవ్వుతో అల్లిన పొర ఉంటుంది. కణం లోపల, కేంద్రకం చుట్టూ ఉండేవీ అలాంటి పొరలే. ఆ కొవ్వులోనే అరాకిడోనిక్ ఆమ్లం అనే సరుకు దాగి ఉంటుంది. దెబ్బ తగిలిందనుకోండి... కణంలో కాల్షియం పెరుగుతుంది. అంతవరకూ లోపలి ద్రవంలో తిరుగుతున్న ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే ఎంజైము వెళ్లి పొరకు అతుక్కుని ఆ ఆమ్లాన్ని కత్తిరించి వదులుతుంది. అదే పొరలో ఓ పక్క కూరుకుపోయి 'కాక్స్' అనే మరో ఎంజైము సిద్ధంగా ఉంటుంది. నూనెలాంటి ఆ సరుకు నీళ్లలో సరిగా కలవదు కదా, పొర వెంటే జారి దాని నోట్లోకి వెళ్తుంది. పక్కనున్న ఇతర ఎంజైములూ ఓ చెయ్యి వేస్తే ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. వాపు, నొప్పి, జ్వరం వీటి చలవే! మరో దారిలో 5-లైపాక్సిజనేజ్ అనే ఎంజైము కేంద్రకం పొర దగ్గరకు చేరి, 'ఫ్లాప్' అనే ప్రొటీన్ సాయంతో ల్యూకోట్రైన్ల తయారీకి శ్రీకారం చుడుతుంది. ఆస్తమా రోగుల శ్వాసనాళాలను బిగించేవి అవే. (హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పల్లు రెడ్డన్న ఏళ్ల తరబడి పరిశోధించింది ఈ ఎంజైముల మీదే.)

ఆస్పిరిన్ ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ కనిపెట్టారు. 1982లో నోబెల్ పంచుకున్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా కాక్స్ నోరు మూసేవే.

చిక్కంతా ఇక్కడే. చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, కిడ్నీకి రక్తం తెచ్చే సన్నటి నాళాలు ముడుచుకుపోకుండా కాపాడేదీ ప్రోస్టాగ్లాండిన్లే! బిళ్లకు మోకాలేదో కిడ్నీ ఏదో తెలీదు. రెండుచోట్లా ఆపేస్తుంది.

అలాగని ఉద్దానం జబ్బుకు ఇదే కారణమని ఎవరూ తేల్చలేదు. తాగునీరు, ఎండదెబ్బ, వంశపారంపర్యం... అనుమానాలు చాలానే ఉన్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కారణం ఏదైనా, ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి ఈ బిళ్లలు చేటన్న విషయంలో మాత్రం వైద్యులది ఒకటే మాట. వాంతులు, విరేచనాలైన రోజున, నీళ్లు సరిగా తాగని రోజున వాటి జోలికి అసలే వెళ్లొద్దు. నొప్పులని డాక్టరు దగ్గరికి వెళ్తే క్రియాటినిన్ పరీక్ష చీటీ కూడా వెంట తీసుకెళ్లండి.