తుపాకీ కొనేందుకు అనుమతి.. తయారు చేస్తే కటకటాలు!

కొత్తగా కొన్న తుపాకీని నలుగురికి చూపి మురిసిపోవడం, విడిభాగాలు తెచ్చి సొంతంగా అమర్చుకున్న రైఫిల్ గురించి తోటివారితో ముచ్చటించడం అమెరికాలో సాధారణం. అక్కడి అనేక రాష్ట్రాల్లో సొంత వాడకానికి ఇంట్లో తుపాకీ తయారు చేసుకున్నా నేరం కాదు. ఆ చిత్రాలు, దృశ్యాలు నేడు మన పల్లె యువకుల సెల్‌ఫోన్లలోనూ దర్శనమిస్తున్నాయి. అయితే అక్కడ సరదాగా సాగే పని ఇక్కడ యావజ్జీవ శిక్షకు దారితీయవచ్చు. ఆయుధ చట్టంపై అవగాహన లేక తెలిసీ తెలియక చిక్కుల్లో పడేవారూ లేకపోలేదు.

కొనాలంటే..

మన దేశంలో తుపాకీ కలిగి ఉండటం హక్కు కాదు, అనుమతి మాత్రమే. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం 21 సంవత్సరాలు నిండినవారు లైసెన్సు కోసం జిల్లా కలెక్టరుకు, కమిషనరేట్ పరిధిలోనైతే పోలీసు కమిషనరుకు దరఖాస్తు చేసుకోవాలి. ప్రాణరక్షణ, పంట రక్షణ, క్రీడ వంటి తగిన కారణం చూపాలి. స్థానిక పోలీసులు విచారణ జరిపి నివేదిక పంపుతారు. గతంలో ఒక్కొక్కరు 3 తుపాకుల వరకు ఉంచుకునే వీలుండగా, 2019లో చేసిన సవరణ ఆ సంఖ్యను 2కు కుదించింది. లైసెన్సు గడువును మాత్రం 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెంచింది.

మార్చినా నేరమే

డబ్బు పెట్టి కొన్నదే అయినా తుపాకీని ఇష్టానుసారం మార్చుకునే వీలు లేదు. గొట్టం పొడవు తగ్గించడం, బొమ్మ తుపాకీని నిజమైన దానిగా మలచడం, ఒక రకాన్ని మరో రకంగా మార్చడం లైసెన్సు లేకుండా చేయరాదు. అనుమతి లేకుండా తుపాకీ తయారు చేసినా, గొట్టం కురచ చేసినా కనీసం 7 ఏళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవ శిక్ష పడుతుంది. పెళ్లిళ్లు, ఊరేగింపుల్లో సంబరంగా కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే 2 ఏళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

క్రీడాకారులకు వెసులుబాటు

తుపాకీని తమకు అనువుగా తీర్చిదిద్దుకునే ముచ్చట చట్టబద్ధంగా తీరేది షూటింగ్ క్రీడలోనే. ఎయిర్ పిస్టల్ క్రీడాకారులు చెక్క పిడిని తమ అరచేతికి సరిపోయేలా చెక్కించుకుంటారు. రైఫిల్ వాడేవారు చెంప, భుజం ఆనే భాగాలను సర్దుకుంటారు. దీనికీ కొలతలున్నాయి. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ 500 గ్రాముల కంటే తక్కువ ఒత్తిడికి కదలరాదు. ఎయిర్ రైఫిల్ బరువు 5.5 కిలోలు మించరాదు. 10 మీటర్ల దూరంలో అర మిల్లీమీటరు చుక్కను గురిచూసే ఈ పోటీలోనే హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించారు.

నాటు తుపాకీతో ముప్పు

అడవిపందుల బెడద పడలేక కొందరు రైతులు నాటు తుపాకులను ఆశ్రయిస్తున్నారు. నాసిరకం గొట్టం చేతిలోనే పేలిపోవచ్చు. చీకట్లో గురి తప్పితే తోటి మనిషే బలి కావచ్చు. లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో దొరికితే 2 నుంచి 5 ఏళ్ల వరకు జైలు తప్పదు. చేసిచ్చిన వ్యక్తికి పడే శిక్ష అంతకంటే కఠినం. నిజానికి పంట రక్షణకు గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వెసులుబాటు చట్టంలోనే ఉంది. ఈ దారి తెలియక కొందరు దొడ్డిదారిన వెళ్లి కేసుల పాలవుతున్నారు. అయితే లైసెన్సు చేతికొచ్చినా, అధీకృత అధికారి అనుమతి లేనిదే అడవిపందిని కాల్చరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇందుకు ఒప్పుకోదు.

తాత తుపాకీ ఇంట్లో ఉంటే..

లైసెన్సుదారు మరణిస్తే తుపాకీ దానంతటదే వారసులది కాదు. జ్ఞాపకంగా అటక మీద దాచుకున్నా నేరమే. దానిని వెంటనే పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్ద గాని అప్పగించి రసీదు తీసుకోవాలి. వారసుల్లో ఒకరు తమ పేరిట లైసెన్సు కోరుతూ దరఖాస్తు చేసుకోవచ్చు. అనుమతి వచ్చాకే అది తిరిగి ఇంటికి చేరాలి. తాత సంపాదించిన తుపాకీ మనవడిని జైలుపాలు చేయకుండా కాపాడేది ఆ చిన్న రసీదే.