చక్రం చేసే మాయ
కొత్త అల్లాయ్ వీల్స్ బిగిస్తే స్పోర్ట్స్ కారు రూపే మారిపోతుంది. కానీ సైజు ఒక్కటే చూస్తే చాలదు. అసలు కిటుకు ఆఫ్‌సెట్‌లో ఉంది. చక్రం వెడల్పుకు నడిమి గీత నుంచి హబ్‌కు ఆనే భాగం ఎంత దూరమో చెప్పే కొలత అది. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది.

2012లో వచ్చిన టొయోటా 86నే తీసుకోండి. దాని 17 అంగుళాల చక్రం వెడల్పు 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 48 మి.మీ. బదులుగా 8 అంగుళాల వెడల్పు, 35 మి.మీ. ఆఫ్‌సెట్ ఉన్నది వేస్తే? లోపలి అంచు దాదాపు కదలదు. బయటి అంచు మాత్రం 26 మి.మీ. పొడుచుకొస్తుంది. గుంతలో పడితే టైరు ఫెండర్‌కు రాసుకోవచ్చు. బేరింగ్‌పై భారం పెరుగుతుంది, స్టీరింగ్ తీరూ మారుతుంది. అంకె మరీ ఎక్కువైతే టైరు లోపల సస్పెన్షన్‌కు తగలొచ్చు.

అందుకే చక్రంపై 'ఈటీ' పక్కనున్న అంకె చూశాకే పర్సు తీయండి.