నాట్యము నేర్చు బాలికల కాళ్ళ నొప్పులు

బతుకమ్మ పండుగనాళ్ళలో కరీంనగరు, ఆదిలాబాదు పల్లెల ఆడపిల్లలు పూల బతుకమ్మ చుట్టు తిరుగుచు, వంగి చప్పట్లు చరచుచు ఆడుదురు. దీపావళి దినములలో ఆదిలాబాదు గోండు పురుషులు గుస్సాడి ఆడుదురు. పూర్వమునుండి ఈ ఆటలు మట్టినేల మీద, ఏడాదికి కొలది దినములు మాత్రమే సాగినవి. పట్టణములలో కూచిపూడి నేర్చు బాలికల సంగతి వేరు. వారు ఏడాది పొడవునా, వట్టి కాళ్ళతో, తరచుగా సిమెంటు గచ్చు మీదనో బండల మీదనో అడుగులు వేయుదురు.

ఈ భేదమేమో చూతము. వేగముగా వచ్చు బంతిని పట్టువాడు చేతులను వెనుకకు లాగును. బంతి ఆగు కాలము పెరిగి, చేతిపై బలము తగ్గును. పాదమునకును ఇదే సూత్రము. మట్టి కొంచెము అణగును, క్రింద ఖాళీ గల చెక్కనేల కొంచెము వంగును, సిమెంటు లొంగదు. పాదము ఆగు కాలము సగమైనచో దానిపై పడు సగటు బలము రెట్టింపగును.

ఈ బలమును మోయునది పాదములోని 26 ఎముకలు, ముంగాలి ఎముక. ఎముక సజీవమైనది. అందులో కొన్ని కణములు పాత ఎముకను తొలచుచుండ, మరికొన్ని క్రొత్త ఎముకను కట్టుచుండును. శ్రమకు తగిన విశ్రాంతి ఉన్నచో ఎముక గట్టిపడును. ప్రదర్శన దగ్గరపడినదని గంట సాధనను ఒక్కసారిగా మూడు గంటలు చేసినచో, కట్టుట కంటె తొలచుట ముందు నడచును. మొదట ముంగాలి లోపలి అంచు వెంట నొప్పి కలుగును. అశ్రద్ధ చేసినచో ఎముకలో సన్నని బీట పడవచ్చును. మొదటి వారములలో ఈ బీట ఎక్స్‌రేలో కనబడకపోవచ్చును. కనుక ఎక్స్‌రే బాగున్నదని బాలికను వెంటనే ఆడింపరాదు.

ఎదుగు వయస్సులో మరియొక చిక్కు కలదు. మడమ వెనుక, మోకాటి క్రింద ఎముక పెరుగు చోట్ల మెత్తని మృదులాస్థి ఉండును. పిక్కకండరమును మడమకు బిగించు గట్టి త్రాడు దానిని మాటిమాటికి లాగుటచే నొప్పి పుట్టును. 1912లో అమెరికా వైద్యుడు జేమ్స్ సీవర్ వివరించిన మడమనొప్పి ఇట్టిదే. అరమండిలో తొడలు తుంటి కీలునుండి విచ్చుకొనవలెను. అట్లుగాక పాదములను బలవంతముగా ప్రక్కకు త్రిప్పినచో మోకాలు మెలిపడి నొచ్చును.

ఇది మన నాట్యమునకే పరిమితము కాదు. చేతులు కదల్పక కాళ్ళతోనే వేగముగా ఆడు ఐర్లండు నాట్యములోను పాదములు, చీలమండలే ఎక్కువగా దెబ్బతినును.

సన్నగా ఉండవలెనని తిండి తగ్గించుట మరింత హాని. శక్తి చాలక ఋతుక్రమము తప్పవచ్చును. అప్పుడు ఎముకల బలము క్షీణించును. అట్టి బాలికను వైద్యునికి చూపవలెను.

సాధన తరువాత కండరములన్నియు నొచ్చి, రెండు మూడు దినములలో తగ్గినచో భయము లేదు. ఒకేచోట వ్రేలితో చూపగల నొప్పి, రాత్రి పడుకొన్నను తగ్గని నొప్పి, కుంటుట, ఇవి సాధన ఆపి వైద్యుని చూడవలసిన గుర్తులు. కొలది వారముల విశ్రాంతితో మానునది, దాచినచో నెలలు పట్టును.

ప్రదర్శనలో తన చోటు పోవునని బాలిక నొప్పిని గురువుకు, ఇంటివారికి చెప్పక దాచును. తరగతిలో మెట్లెక్కుటకు వెనుదీయు పిల్లను మొదట చూడగలవారు బడి ఉపాధ్యాయులు. వారు ఆమెను పిలిచి, నొప్పి ఎక్కడ అని అడుగవలెను.